జడ్జిగారి బరువు

మూడో అంతస్తు,
వానలు మొదలైన వారం.

వదినకు,

నీ ఉత్తరం అందింది. చెవికి కొత్త మిషను పెట్టించుకున్నా ఫోనులో సగం మాట ఎక్కడం లేదని రాశావు. ఎక్కకపోతే పోనీలే. ప్రెస్సులో ఆ మోతల మధ్య ముప్పయ్యేళ్ళు పనిచేసిన చెవులు, ఇంకెంతని వింటాయి? పైగా ఈ ఇంట్లో ఫోను మాట్లాడితే పక్క గదిలో, అందరికీ తీర్పులు చెప్పే మా జడ్జిగారికి, అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. నీ మేనకోడలి సంగతి దాని చెవిన పడేలా మాట్లాడడం నాకు చేతకాదు. కాబట్టి మనకి కాగితమే దిక్కు.

మొన్న స్నానాల గదిలో పడ్డాం. కంగారుపడకు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ గుమ్మంలో చక్రాల కుర్చీ పట్టదని నీకు తెలుసుగా. కుర్చీలోంచి లేపి లోపలున్న స్టూలు మీద కూర్చోబెట్టేదాకా ఇద్దరం మొయ్యాల్సిందే. నీ తమ్ముడు చంకల కింద, నేను మోకాళ్ళ కింద. ఇరవై ఒక్కేళ్ళుగా ఆ కాళ్ళు నేలకి ఆనకపోయినా మనిషి ఎదగడం మానలేదు కదా. సగం దూరం వెళ్ళాక ఆయన నడుం పట్టేసింది. అలాగే మెల్లగా కిందికి జారాం. ఎప్పుడు పడినా మా పద్ధతి ఒకటే, మేం కింద, అది పైన. ఇన్నేళ్ళలో దాని ఒంటి మీద గీత పడనివ్వలేదు. ఈసారీ పడలేదు. కానీ తిరిగి లేవలేకపోయాం వదినా.

ఆయన లేవబోతే నడుం రాదు, నేను లేపబోతే అది కదలదు. తడి నేల మీద ముగ్గురం అలా కూర్చుండిపోయాం. దాన్ని తువ్వాలుతో కప్పి, కింది అంతస్తు బస్సు డ్రైవరు డ్యూటీ దిగి వచ్చిన చప్పుడు వినేదాకా ఆగి, కేకేశాను. మంచివాడు పాపం. మొహం పక్కకి తిప్పుకుని, ఒక్క ఊపులో దాన్ని ఎత్తి మంచం మీద పడుకోబెట్టి వెళ్ళిపోయాడు. అంతసేపూ అది కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. ఆ తర్వాత రెండు రోజులు జడ్జిగారు ఎవరికీ తీర్పులు చెప్పలేదు. కంప్యూటరు ముందు కూర్చుని పిల్లలకి లెక్కలు చెప్పడం, అవి అవగానే గోడకేసి చూడడం. నేనూ ఆయనా కావాలని దాని ముందు పోట్లాట పెట్టుకున్నాం. అయినా నోరు మెదపలేదు.

ఫిజియో ఆవిడ వచ్చి మా ముగ్గుర్నీ చూసి, “అమ్మాయి బరువేం పెరగలేదు, మీ బలం తగ్గింది” అని మొహం మీదే చెప్పేసింది. ఎత్తే మెషీను బిగించడానికి మా పైకప్పు ఆగదట. ఉన్నవి రెండే దారులట. మేం బలం తెచ్చుకోవాలి, లేదా దాన్ని ఎత్తగలిగే చోట చేర్పించాలి. “వీధి చివర జిమ్ ఉందిగా, ఇద్దరూ వెళ్ళండి” అంది.

జిమ్ అనగానే నీ తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. “గడియారాలు బాగుచేసుకునేవాణ్ణి, నాకు ఇనుముతో ఏం పని? అక్కడ నాలుగు గోడలకీ అద్దాలట. నన్ను నేను అన్ని వైపుల నుంచీ చూసుకోలేను” అన్నాడు. నేనేం తక్కువ తిన్నానా? తెరలు కుట్టే మిషను మీద వంగి వంగి ఇలా తయారైన ఒంటిని బిగుతు బట్టల్లో ఎవరికి చూపించను? ఇద్దరికీ ఇష్టం లేదని తెలిశాక అమ్మయ్య అనుకున్నాం. అనుకున్నామే గానీ, స్నానం వేళకి ఆ గుమ్మం దగ్గరికి రాగానే ఇద్దరం ఆగిపోతున్నాం. ఇంకోసారి పడితే దాన్ని ఇంట్లో ఉంచుకోగలమా? నా దిగులంతా అదే.

నీ మరదలు


ప్రెస్సు వెనక వీధి.

మరదలికి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. నవ్వింది తమ్ముడి గురించి. బళ్ళో వ్యాయామం పీరియడ్ వచ్చిందంటే వాడికి కడుపునొప్పి వచ్చేది. ప్రతి వారం అదే రోజు, అదే గంటకి. వీడికి గడియారాల మీద గురి అక్కడే కుదిరిందని నాన్న అనేవాడు. అలాంటివాడు ఇనుము ఎత్తుతాడంటే టిక్కెట్టు కొనుక్కుని చూడ్డానికి రావాలి.

మిగతాది రాయాలా వద్దా అని పెన్ను మూసి, మళ్ళీ తీశాను. మా వీధికి రెండు మలుపుల అవతల ఒక ఇల్లుంది. జడ్జిగారి ఈడు పిల్లలు పది పన్నెండు మంది ఉంటారు. వెళ్ళి చూసి వచ్చాను. గుమ్మాలు వెడల్పు, నేలంతా సమానం. మనిషిని ఎత్తడానికి మెషీనుంది, గట్టి గుడ్డలో కూర్చోబెట్టి మీట నొక్కితే చాలు. జైలులా ఏమీ లేదు, కిటికీల నిండా మొక్కలున్నాయి. నేను వెళ్ళేసరికి ఒకమ్మాయి ఎవరినో గట్టిగా, చక్కగా తిడుతోంది. నాకు ముచ్చటేసింది.

ఊరికే చెబుతున్నాను. మీకు యాభై దాటింది, నాకు అరవై దాటింది, దానికి ఇరవై ఒకటి. జడ్జిగారు పిల్లలకి చెప్పే లెక్కల కంటే ఇది సులువైన లెక్కే. తిట్టాలనిపిస్తే తిట్టు. ఉత్తరం రాయడం మాత్రం మానకు.

వదిన


మూడో అంతస్తు.

వదినకు,

తిట్టనులే. కానీ ఆ ఇంటి మాట ఇంకెప్పుడూ ఎత్తకు. కన్నది నేను, మోసేదీ నేనే. మీట నొక్కి ఎత్తించడానికి అదేం సిమెంటు బస్తానా? నువ్వు మంచికే రాశావని తెలుసు. తెలిసినా ఆ రోజంతా కోపం ఆగలేదు.

ఆ కోపం వల్ల ఒక మేలు జరిగింది. జిమ్‌కి వెళ్ళి తీరాలని పట్టుబట్టాను. వెళ్ళామంటే లోపలికి కాదు. ఎదురుగా టైర్ల దుకాణం ఉంది, దాని ముందు నిలబడి, టైర్లు కొనేవాళ్ళలా మొహాలు పెట్టి, అద్దాల్లోంచి లోపలికి చూసి ఇంటికొచ్చేవాళ్ళం. “ఆ గోడ గడియారం వెనకబడింది చూశావా” అనేవాడు నీ తమ్ముడు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడు ఇక ఉండబట్టలేకపోయాడు. “చూస్తూ చూస్తూ దాన్ని అలా వదిలెయ్యలేను” అంటూ చరచరా లోపలికి వెళ్ళి, బల్ల మీదెక్కి గడియారం దింపి, జేబులోంచి పనిముట్లు తీశాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ వెనకాలే వెళ్ళాను. అక్కడి కోచ్ నా ఈడు ఆడమనిషే. ఒకప్పుడు బరువులెత్తే పోటీల్లో పాల్గొన్నదట, మెడ ఎక్కడ మొదలవుతుందో తెలీదు. ఆయన గడియారం తగిలించి దిగేదాకా ఆగి, “దాని సంగతి అయింది, ఇక మీ సంగతి చూద్దాం” అని ఇద్దర్నీ పట్టుకుంది.

ఎందుకొచ్చారంటే నడుం నొప్పి అన్నాం. పిల్ల సంగతి చెప్పలేదు. చెబితే అయ్యో అంటారు. ఆ అయ్యోలు వినీ వినీ విసుగు పుట్టింది వదినా. ఒక్క చోటైనా మామూలు మొగుడూపెళ్ళాల్లా ఉండాలనిపించింది.

మొదటి వారం వట్టి రాడ్డు ఎత్తినందుకే ఒళ్ళు హూనమైపోయింది. తుమ్మొస్తే ప్రాణం మీదికొచ్చినట్టుంది. సోఫాలోంచి లేవడానికి ఒకరికొకరం చెయ్యిచ్చుకుంటుంటే జడ్జిగారు పగలబడి నవ్వి, “మిమ్మల్ని మొయ్యడానికి ఇంకో ఇద్దర్ని చూడాలి” అంది. పడ్డ రోజు తర్వాత అది నవ్వడం అదే మొదటిసారి. నొప్పులన్నీ మర్చిపోయాను.

ఇంతకీ ఎత్తడం కంటే ముందు ఆవిడ నేర్పించేదేమిటో తెలుసా? పడెయ్యడం. “పట్టు జారితే ఆపడానికి చూడొద్దు. వదిలేసి వెనక్కి దూకండి. ఇనుముకేం కాదు, మీకవుతుంది” అంటుంది. రోజూ పని మొదలెట్టే ముందు అదే చేయిస్తుంది. ఆవిడ “వదులు!” అని అరవడం, మేం ధడేల్న పడేసి వెనక్కి గెంతడం. నీ తమ్ముడికి ఇది చస్తే రావడం లేదు. ఇసుక రేణువంత మర కూడా కింద పడకుండా బతుకంతా కాపాడుకొచ్చినవాడాయె, రాడ్డుతో పాటు తనూ వంగిపోతాడు. నాకు మాత్రం ఇట్టే పట్టుబడింది. “మీ ఆవిడని చూసి నేర్చుకోండి” అని అందరి ముందూ మెచ్చుకుంది. బళ్ళో కూడా నన్నెవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు, ఈ వయసులో పొంగిపోయాను.

నీ మరదలు


ప్రెస్సు వెనక వీధి.

మరదలికి,

గడియారం సంగతి పక్కింటావిడకి చదివి వినిపించాను. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

తమ్ముడు ఎలా ఉన్నాడు? ఒంటి సంగతి కాదు నేనడిగేది. నీతో కూర్చుని మాట్లాడుతున్నాడా? కష్టమైన మాట వాడి నోట్లోంచి రాదు. చిన్నప్పుడు పలక పగలగొట్టినా అమ్మకి నేనే చెప్పాల్సి వచ్చేది. ఒకసారి వాణ్ణి కూర్చోబెట్టి “బాగున్నావా” అని అడుగు. జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి లేవకు.

ఆ ఇంటి మాట ఎత్తొద్దన్నావు కాబట్టి ఎత్తడం లేదు. అది ఎత్తకపోతే నాకు రాయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అందుకే ఇంత చిన్న ఉత్తరం.

వదిన


మూడో అంతస్తు,
చలి తగ్గింది.

వదినకు,

ముందు నోరు తీపి చేసుకుని ఇది చదువు. యాభై నాలుగు కిలోలు! జడ్జిగారి బరువు! నేనెత్తాను, నీ తమ్ముడూ ఎత్తాడు, ఒకరి తర్వాత ఒకరం. ఆ అంకె దగ్గర మాకెందుకంత పట్టుదలో కోచ్‌కి అంతు పట్టలేదు. “అరవై చేద్దాం, అంకె గుండ్రంగా ఉంటుంది” అంటుంది. మాకు గుండ్రం అక్కర్లేదు. రాడ్డు దించాక అద్దంలో ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. పెళ్ళైన కొత్తల్లో కూడా నేను ఆయన్ని అంత సంబరంగా చూసి ఉండను.

ఆ సాయంత్రమే ఇంట్లో జడ్జిగార్ని ఎత్తాం. తూలలేదు, రొప్పలేదు. స్టూలు మీద కూర్చోబెట్టాక అది తల పంకించి, “ఇకమీదట ఈ కోర్టు నేల మీద కూర్చోదు” అని తీర్పిచ్చింది. స్నానమయ్యాక బాల్కనీలోకి మోసుకెళ్ళాం. ఆ గడప ఎత్తుగా ఉండడం వల్ల కుర్చీ దాటేది కాదు. రెండేళ్ళుగా అది ఆ వీధి చూడలేదు. “ఎదురుగా చెట్టుండాలి కదమ్మా, ఎప్పుడు కొట్టేశారు?” అంది. ఇన్నాళ్ళూ చెప్పాలని కూడా తోచలేదు చూడు. కాసేపటికి అదే సర్దుకుని, బస్సు డ్రైవర్ని కేకేసి మరీ పలకరించింది.

ఒక్కటే అర్థం కాలేదు. దాన్ని మంచం మీద చేర్చాక నీ తమ్ముడు వంటింట్లోకి వెళ్ళి గ్లాసు పట్టుకుంటే నీళ్ళన్నీ ఒలికిపోయాయి. అంత వణుకు. ఇనుము ఎత్తినప్పుడు లేని వణుకు దాన్ని ఎత్తితే ఎందుకు? నువ్వు చెప్పినట్టే ఎదురుగా కూర్చుని “బాగున్నావా” అని అడిగాను. కంటి అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఏదో అనబోయాడు. ఇంతలో పాలు పొంగాయి, లేచాను. తిరిగొచ్చేసరికి లేడు, తన గడియారాల దుకాణానికి వెళ్ళిపోయాడు. అలసటే అయి ఉంటుందిలే.

నీ మరదలు


ప్రెస్సు వెనక వీధి.

మరదలికి,

ఆ పాలు పొంగకపోయుంటే వాడే చెప్పేవాడేమో. ఇక నేనే చెప్పాలి.

మీరు పడ్డ వారమే తమ్ముడు నాకు రాశాడు, నీకు తెలీకుండా. దాన్ని ఎత్తిన ప్రతిసారీ అది కింద పడి ఉన్నట్టే కళ్ళకి కనిపిస్తోందని, తనవల్ల కాదని, దానికెక్కడైనా చోటు చూడమని. నేను ఆ ఇంటికి వెళ్ళింది ఊరికే కాదు. వాడడిగితే వెళ్ళాను, పేరు కూడా రాయించి వచ్చాను. నీతో జిమ్‌కి వస్తున్నది నీ మాట కాదనలేక. చోటు దొరికేలోగా బలమొస్తే భయం పోతుందేమోనని ఆశ కూడా ఉండి ఉంటుంది. బలమొచ్చింది, భయం పోలేదు. నీళ్ళు ఒలికాయని రాశావు చూడు, అదే అది.

ఇప్పుడొక మంచం ఖాళీ అయింది. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. వాడి మీద కోపం పెట్టుకోకు. ప్రేమ తక్కువై అడగలేదు వాడు. నాలుగు రోజులు ఆగి, ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. జడ్జిగారి మంచం గురించి జడ్జిగార్ని తప్ప అందర్నీ అడిగాం, అది నాకు బాగా లేదు.

వదిన


మూడో అంతస్తు.

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. అక్కాతమ్ముళ్ళు కలిసి నా పిల్లకి మంచం చూసిపెట్టినందుకు సంతోషం.

మీ తమ్ముణ్ణి అడిగాను. తల దించుకుని అవునన్నారు. ఇన్ని నెలలు నా పక్కన అద్దంలో నిలబడి, నాతో పాటు చెమటోడ్చి, నన్ను చూసి నవ్వి, అంతా ఇందుకన్నమాట. పిచ్చిదాన్ని నేనే. ఊళ్ళో వాళ్ళెవరైనా మోసం చేస్తే ఇంత మండేది కాదు.

ఆ మంచం ఎవరికైనా ఇచ్చెయ్యమనండి. ఆయన చేతులు నాకక్కర్లేదు. దాని బరువుకి సరిపడా బలం నా చేతుల్లోనే ఉంది. రేపటి నుంచి నేనొక్కదాన్నే ఎత్తుకుంటాను. ఇకమీదట ఉత్తరాలు రాసి శ్రమపడకండి.

మీ తమ్ముడి భార్య


ప్రెస్సు వెనక వీధి.

మరదలికి,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. నన్ను ఎంతైనా అను. మీరు అని మాత్రం అనకు, చదవలేకపోతున్నాను. దాన్ని ఒక్కదానివే ఎత్తకు. వాడి మీద కోపం దాని మీద పెట్టకు. తమ్ముడు ఫోను చేశాడు, నాకు ఏడుపు తప్ప మాటలు వినపడలేదు. ఏం జరిగింది? ఒక్క ముక్క రాయి.

వదిన


ఆసుపత్రి వరండా.

వదినా,

జడ్జిగారికి తొడ ఎముక విరిగింది. ఆపరేషను చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. ముందు అది రాస్తున్నాను, మిగతాది చదివే ఓపిక నీకు ఉండాలి కదా.

నీకు ఆ ఉత్తరం రాసిన మర్నాడే. ఆయన దుకాణానికి వెళ్ళగానే స్నానానికి లేవమన్నాను. “నాన్న వచ్చాక చూద్దాంలేమ్మా” అంది. నాన్న అక్కర్లేదన్నాను. అది నా మొహం చూసి ఇంకేం అనలేదు. ఎత్తాను వదినా, ఒక్కదాన్నే ఎత్తాను. ఊపిరి బిగబట్టి, నడుం నిటారుగా ఉంచి, బ్రహ్మాండంగా ఎత్తాను. నా మెడ చుట్టూ చెయ్యి వేసింది. మనసులో నీ తమ్ముడికి నేను చెప్పదలచుకున్నవన్నీ చెప్పుకుంటూ నడిచాను. గుమ్మం దాటాక తడి మీద కాలు కాస్త జారింది. చిన్న జారుడే. మోకాళ్ళ కింద పట్టు తప్పింది.

నా చేతులు తెరుచుకున్నాయి. వెనక్కి దూకాను. కావాలని కాదు వదినా, నీ మీద ఒట్టు. ఆలోచించే వ్యవధి కూడా లేదు. రెండు కాళ్ళూ కలిపి, కోచ్ ఎలా నేర్పిందో అచ్చం అలాగే, దాన్ని వదిలేసి వెనక్కి దూకి నిలబడ్డాను. అది స్టూలు అంచుకి తగిలి పడింది. నాకు ఏమీ కాలేదు.

బలం లేని రోజుల్లో ఈ చేతులు దాన్ని ఎప్పుడూ వదల్లేదు. వదలాలని వాటికి తెలిస్తే కదా. దానితో పాటు కూలబడేవి, దాని కింద నలిగేవి, అంతే. అలవాటు లేనిదాన్ని తీసుకెళ్ళి రోజూ ఆ అలవాటు చేయించుకున్నాను. మేం ఎవరిని ఎత్తబోతున్నామో ఆవిడకి ఒక్క మాట చెప్పి ఉంటే వేరేలా నేర్పేది. మా గొప్ప కోసం నడుం నొప్పి అన్నాం.

నీ తమ్ముడు వచ్చాడు. ఎలా పడిందని డాక్టరడిగితే నేను చెప్పాను, ఆయన విన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తిట్టకుండా నా పక్కన కూర్చుని, నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈ చేతినెందుకు పట్టుకున్నావని అరిచాను. వరండాలో అందరూ తిరిగి చూశారు.

జడ్జిగారికి నిన్న మత్తు పూర్తిగా దిగింది. “అమ్మా, నేను అత్త చూసిన ఇంటికి వెళ్తాను” అంది. ఆ రోజు నేను ఆయన్ని నిలదీసినప్పుడు గోడకవతల అంతా విన్నదట. ఇలా అవడం వల్ల కాదట, అంతకు ముందే అనుకుందట. “నీ మీద నాకేం లేదమ్మా. జడ్జిలన్నాక బదిలీలు మామూలే” అని నవ్వింది. నేను బయటికొచ్చి గోడకి తల ఆనించుకుని నిలబడ్డాను.

ఆ మంచం ఎవరికైనా ఇచ్చెయ్యమని నేనే అన్నాను. ఇచ్చేశావా?

నీ మరదలు


ప్రెస్సు వెనక వీధి,
ఎండలు ముదిరాయి.

మరదలికి,

నువ్వు ఇచ్చెయ్యమన్నావు, నేను ఇవ్వలేదు. నీ మాట విననందుకు నన్ను ఇంకోసారి తిట్టుకో.

జడ్జిగారు ఇక్కడికొచ్చి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో నువ్వు నాకు రాసింది ఎన్ని మాటలు? “దుప్పట్లు పంపాను. దానికి పుల్లటివి పడవు.” ఇదీ ఒక ఉత్తరమేనా? అందుకని నేనే పూర్తిగా రాస్తున్నాను. మెషీను ఎత్తుతుంటే మొదట్లో కళ్ళు మూసుకునేది, ఇప్పుడు తెరిచే ఉంచుతోంది. కంప్యూటరు పెట్టించుకుంది, పిల్లలకి లెక్కలు మళ్ళీ మొదలయ్యాయి. నేను చెప్పానే, ఆ తిట్టే అమ్మాయి, ఆ పిల్లతో రోజూ యుద్ధమే. వార్డెనమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోతోంది. నేను వెళ్తే జడ్జిగారు ఒక పది నిమిషాలు బాగానే మాట్లాడుతుంది. తర్వాత కిటికీ వైపు చూస్తూ, “అమ్మ ఎప్పుడొస్తుంది?” అంటుంది.

తమ్ముడు నాలుగైదుసార్లు వచ్చి వెళ్ళాడు. నువ్వు ఒక్కసారీ రాలేదు. ఆసుపత్రి నుంచి బండి ఎక్కించేటప్పుడు కూడా దూరంగా నిలబడ్డావట. ఎందుకు? అది నిన్ను ఏమీ అనలేదు కదా.

ఎముక అతికింది. డాక్టర్ని అడిగాను, వార్డెనమ్మని ఒప్పించాను. ఆదివారం ఇద్దరూ రండి. మెషీను వద్దు, నువ్వూ తమ్ముడూ కలిసి మీ చేతులతో మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టండి. పక్కన మనుషులుంటారు, భయం లేదు. ఒక్కసారి ఎత్తితే అందరి మనసులూ కుదుటపడతాయి. దానికి చెప్పాను. “సరే” అంది.

వదిన


మూడో అంతస్తు.

వదినకు,

వస్తాం. ఆదివారం పొద్దున బండికి బయల్దేరతాం.

జిమ్ మానలేదు. నువ్వు ఆశ్చర్యపోతావు. స్నానం వేళకి ఇంట్లో ఉండలేం, అందుకని వెళ్తున్నాం. కోచ్‌కి నీ తమ్ముడే నిజం చెప్పేశాడు. ఆవిడ చాలాసేపు మొహం మీద తువ్వాలు వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత మాతో ఆ పడేసే పని చేయించడం మానేసింది. మేమిద్దరం ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. ఎంత ఎత్తావు, ఎన్నిసార్లు ఎత్తావు, భుజం ఎలా ఉంది, ఇవే. మొన్న నేను ఎనభై కిలోలు ఎత్తితే అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడు. ఇంటికొచ్చి ఇద్దరం ఆ ఖాళీ గది తలుపు దగ్గరగా వేసి, తినకుండానే పడుకున్నాం.

ఎందుకు దూరంగా నిలబడ్డావని అడిగావు. నీ తమ్ముడికి కూడా చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆసుపత్రి నుంచి పంపించే రోజున నర్సమ్మ “అమ్మా, మీరు అటు పక్క పట్టుకోండి” అంది. వెళ్ళి వంగాను. దాని వీపు కిందికి చెయ్యి పోనిచ్చాను. అది నా మొహంలోకి చూసి నవ్వుతూనే ఉంది. కానీ దాని కుడిచెయ్యి వెళ్ళి మంచం పక్కనున్న ఇనుప కమ్మీని పట్టేసుకుంది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. పుట్టినప్పటి నుంచీ నేను వంగితే అది నా మెడ పట్టుకునేది వదినా. అది కూడా తన చేతిని అప్పుడే చూసుకుంది. “నేను కాదమ్మా, చెయ్యే పట్టుకుంది” అని, విడిపించుకోబోయింది. వేళ్ళు రాలేదు. ఇద్దరం ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాం. నేను వెనక్కి జరిగాను. నీ తమ్ముడు వచ్చి ఎత్తాడు.

అది సరే అందంటే నా కోసం అంది. అంతే. కాబట్టి నీకు దణ్ణం పెడతాను, ఒక్క పని చేసిపెట్టు. మేం వచ్చేసరికే మెషీనుతో ఎత్తించి దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఉంచమను. నేను ఎదురుగా కూర్చుంటాను. ఎంతసేపైనా కూర్చుంటాను.

నీ మరదలు